ఆప్తుడెవరు?

నైయాయికుల మతములో ఆప్తునకు రెండు లక్షణములు: విషయమును సాక్షాత్తుగా ఎఱిగియుండడము, ఎఱిగినదానిని ఎఱిగినట్లే చెప్పవలెనను కోరిక కలిగియుండడము. మీమాంసకులు మాత్రము ప్రామాణ్యము స్వతస్సిద్ధమనీ, దోషము బయటపడువరకు శంకింపనక్కరలేదనీ వాదిస్తారు.

మా అన్నగారి కుమారుడు హైదరాబాదులో సాఫ్ట్‌వేరుకు ఇతరులు ప్రతిపాదించిన మార్పులను పరిశీలించి అంగీకరించు పనిలో ఉన్నాడు. "కోడ్ సరిగా ఉంటే చాలదా బాబాయ్? పంపినవాడు ఎవరైతేనేమి?" అంటాడు. తెలియకుండానే మీమాంసక పక్షము! ఊరు, పేరు చూచి త్రోసిపుచ్చడము అధర్మమన్న మాట నిజమే. అయినా 2024నాటి ఎక్స్‌జెడ్ ఉదంతమును నాకు వివరించినవాడూ అతడే.

ఎక్స్‌జెడ్ దత్తాంశమును కుదించు ఉపకరణము. లినక్స్ యంత్రములలో విస్తారముగా ఉన్నది. దానిని ఏళ్ళ తరబడి పోషించిన లాస్సే కొల్లిన్, ఇది వేతనము లేని వ్యాసంగమని 2022లో చెప్పుకొన్నాడు. పని మందగించినదని కొందరు ఆయనను నిష్ఠురములాడుతూ, మరొకరికి అధికారము ఇమ్మని తొందరపెట్టారు. జియా టాన్ అను పేరుగల వ్యక్తి అప్పటికే మార్పులు పంపుతూ విశ్వాసము సంపాదిస్తున్నాడు. క్రమముగా అధికారమూ పొందాడు. 5.6.0, 5.6.1 సంచికలలో దొంగద్వారము చేరినది. పరీక్షార్థమని పెట్టిన, మనుష్యులు చదువజాలని ఫైళ్ళలో అది దాగినది. లాగిన్‌కు సుమారు అర సెకను అధికముగా పట్టుచున్నదేమని ఆండ్రెస్ ఫ్రాయిండ్ శోధించి, మార్చి 29న లోకమునకు వెల్లడించాడు.

కోడ్ పరీక్ష ఆప్తుని మొదటి లక్షణమునే తూచగలదు. రెండవదానికి చిరకాలపు నడత సాక్ష్యమందామా, ఇక్కడ నడతయే నటన. నాకు తోచిన లింగము ఆ తొందర. అలసిన ఒంటరివానిని పదిమంది త్వరపెట్టుట పొగవంటిది, నిప్పెక్కడో వెదకవలెను. పరిశీలకుని అలసట సైతము పరిశీలనలోని విషయమే.

ప్రస్తుతము అబ్బాయి ముందు అటువంటి మార్పొకటి ఉన్నది. కోడ్ నిర్దుష్టము, పంపినవాడు కొత్తవాడు, నిత్యము త్వరపెడుతున్నాడు, వెంట చదువశక్యము కాని ఫైలు. మరొకరు కూడా చదివేవరకు ఆపమన్నాను. ఆ ఫైలు ఎట్లు తయారైనదో అడుగుమన్నాను.

"నిజాయితీపరుడైతే నొచ్చుకోడా?" అన్నాడు.

యజ్ఞములో బ్రహ్మ అను ఋత్విజుడు మౌనముగా కూర్చుండి ఇతరుల కర్మలో లోపమును కనిపెడుతూ ఉంటాడు. అందుకు హోత ఏనాడూ అలుగలేదు. ఈ మాట చెప్పితే అబ్బాయి నవ్వి, నిన్న రాత్రి ప్రశ్న పంపినాడు. ప్రత్యుత్తరము ఇంకా రాలేదట.