గులాల్‌కి రెండే చొక్కాలు

ఆ నల్లా కింద బిందె పెట్టి ఎంతసేపు నిలబడ్డా చుక్క రాదు. గోడకు బిగించిన మూరెడు పైపు తప్ప దాని వెనక ఏమీ లేదు. షూటింగ్ మొదలైన కొత్తలో నీళ్లు వదిలారేమో అనుకుని బస్తీ ఆడవాళ్లు బిందెలతో వచ్చి తిట్టుకుంటూ పోయేవారట. పక్కపక్క క్వార్టర్లలో ఇద్దరు బొగ్గుబాయి కార్మికులు, మధ్యలో ఒకే నల్లా. కొత్తగూడెం కుర్రాళ్లు కొందరు కలిసి యూట్యూబ్ కోసం తీస్తున్న కామెడీ సిరీస్‌కి కథంతా ఇదే. ఆఖరి ఎపిసోడ్ తీస్తున్నాం, వచ్చి చూడన్నా అని డైరెక్టర్ కుర్రాడు పిలిస్తే పొద్దున్నే భద్రాచలం రోడ్‌లో రైలు దిగాను. ఊరు కొత్తగూడెమే, స్టేషన్ పేరు మాత్రం అది. రాముణ్ని చూడాలని వచ్చినవాళ్లు ఇక్కడ దిగి ఇంకో నలభై కిలోమీటర్లు బస్సెక్కాలి.

డైరెక్టర్ తాతా తండ్రీ ఇద్దరూ సింగరేణే. ఇతనేమో హైదరాబాద్ వెళ్లి ఎడిటింగ్ నేర్చుకుని తిరిగొచ్చాడు. అసలు క్వార్టర్లలో తీయాలంటే అనుమతుల కోసం తిరగాలని, ఒక ప్రైవేటు ఇంటినే రెండు పోర్షన్లుగా అద్దెకు తీసుకున్నాడు. సున్నం కొట్టించి, గడపల పక్కన అసలు క్వార్టర్లకు ఉన్నట్టే నల్లరంగుతో టీ-2 అని, కింద నంబర్లు రాయించాడు. “అది మేమున్న క్వార్టరే. మేమున్నప్పుడు నల్లా అక్కడ లేదు” అని గోదావరిఖని నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేసి మరీ చెప్పాడట.

ఆఖరి ఎపిసోడ్‌లో పెద్ద కార్మికుడు రిటైరవుతాడు. సింగరేణి ఊళ్లలో నెలాఖరుకు ఈ సందడి మామూలే. శాలువా, పూలదండ, డప్పులు, ముఖం నిండా గులాల్, తోటివాళ్లు బండెక్కించి ఇంటిదాకా ఊరేగింపు. ఆ బండి ఇంటిముందు ఆగాలి, నల్లా దగ్గర పాత పగవాడు ఎదురుపడాలి, అక్కడ సిరీస్ అయిపోవాలి. నేను వెళ్లేసరికి మాత్రం యూనిట్ అంతా నాలుగో ఎపిసోడ్ తాలూకు ప్యాచ్‌వర్క్‌లో ఉంది. తలుపు తీసే షాట్ ఒకటి అప్పట్లో ఫోకస్ తప్పిందట. ముగింపు సీను మధ్యాహ్నానికి పెట్టుకున్నారు. అదవ్వగానే, పొద్దు వాలకముందే, ఇద్దరూ మొదటిసారి కలుసుకునే పాత జ్ఞాపకం తీయాలి. అంటే మధ్యాహ్నం రిటైరైన మనిషికి సాయంత్రం మీసాలకు నల్లరంగు పూసి మళ్లీ ఉద్యోగంలో చేర్చాలన్నమాట.

ఇది చిన్న యూనిట్ల తంటా మాత్రమే కాదు. అమెరికావాళ్ల టీవీ కామెడీ ‘మ్యాష్’ ఆఖరి ఎపిసోడ్‌ను 1983 ఫిబ్రవరి 28న పదికోట్ల మందికి పైగా చూశారు. దాన్ని తీశాక కూడా ఆ బృందం మామూలు ఎపిసోడ్లు తీస్తూనే ఉంది. నటులు ఆ వేషాల్లో చివరిసారి కెమెరా ముందు నిలబడ్డది, ప్రసారంలో ముగింపుకు ముందు వచ్చిన ఎపిసోడ్ కోసం. చూసేవాళ్లు కన్నీళ్లు పెట్టుకున్న వీడ్కోలు, తీసేవాళ్లకు మధ్యలో వచ్చిన ఒక పనిరోజు.

ఇక చొక్కాల సంగతి. తెల్లచొక్కా మీద గులాల్ పడ్డాక దులిపితే పోదు, ఉతికి ఆరేసేసరికి వెలుతురు పోతుంది. బడ్జెట్ ప్రకారం ఒకే కొలతవి రెండు చొక్కాలు కుట్టించారు కాబట్టి రెండు టేకులే. దండలకైతే ఇంకో లెక్క ఉంది. గులాబీలు ఎండకు గంటలో వాడిపోయి, ఈ షాట్‌కీ ఆ షాట్‌కీ పొంతన కుదరదని బంతిపూలే కట్టించారు. కంటిన్యుటీ చూసుకునే అమ్మాయి డిగ్రీ చదువుతోంది. ఏ చెంప మీద ఎంత రంగు, దండ బొత్తాం మీద ఉందా పక్కకుందా అని ప్రతి షాట్ తర్వాత సెల్‌ఫోన్‌లో ఫొటో తీసుకుంటోంది. మీసం చివర గులాల్ ఎడమ పక్కనే ఉందని ఆమె గుర్తుచేస్తే, మేకప్ కుర్రాడు కుడివైపుది వేలితో తుడిచేశాడు. అక్కడందరికంటే శ్రద్ధగా పనిచేస్తున్నది ఆ అమ్మాయేనని నాకనిపించింది.

పెద్ద కార్మికుడి వేషం వేసినాయన నిజంగానే బాయి పని చేసిన మనిషి. బొగ్గు టబ్బులు తోసే ట్రామర్‌గా చేరి, కుర్రతనంలో యూనియన్ నాటకాల్లో వేషాలు కట్టాడు. 2020 ఏప్రిల్ 30న రిటైరయ్యాడు. లాక్‌డౌన్ రోజులు. “దండ లేదు, డప్పు లేదు. సంతకం పెట్టి, మూతికి గుడ్డ కట్టుకుని నడుచుకుంటూ ఇంటికొచ్చిన” అన్నాడు. మరుసటి ఏడాది రిటైర్మెంట్ వయసు అరవై నుంచి అరవై ఒకటికి పెంచారు, 2021 మార్చి 31 నుంచి వర్తింపజేశారు. ఈయనకు అదీ అందలేదు. “దండా పాయె, ఏడాది జీతమూ పాయె. ఇప్పుడు వీళ్లు పైసలిచ్చి మరీ సన్మానం చేస్తున్నరు” అని పకపకా నవ్వాడు.

అన్నాల దగ్గర మాట ‘అమృతం’ మీదికి మళ్లింది. తెలుగులో కామెడీ సీరియల్ తీసేవాళ్లెవరైనా ఎప్పుడో ఒకప్పుడు అక్కడికి రావలసిందే. గుణ్ణం గంగరాజు తీసిన ఆ సీరియల్ జెమినీ టీవీలో 2001 నవంబరు 18న మొదలై, 2007లో సరిగ్గా అదే తేదీన ముగిసింది. రెండు రోజులూ ఆదివారాలే. వేళ్లమీద లెక్కేస్తే ఆ రెండూ కలుపుకుని 314 ఆదివారాలు, ఎపిసోడ్లు 313. ఆరేళ్లలో అది రాని ఆదివారమే అరుదు. ఈలోగా అమృతరావు ముఖమే మారింది. శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ ముగ్గురూ వేశారు. హీరో మారితే సీరియల్ కుప్పకూలాలి, కానీ పక్కన గుండు హనుమంతరావు అంజిగా, శివన్నారాయణ అప్పాజీగా, వాసు ఇంటూరి సర్వంగా ఉంటే జనం సర్దుకుపోయారు.

“ఆదివారం ప్లేడేకి డబుల్ జీతమొస్తది గానీ సెకండ్ షిఫ్ట్ పడితే అమృతం పోయేది. డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి మా ఆవిడ అన్నం పెడుతూ కథ చెప్పేది. ఆమె చెప్పిందే ఎక్కువ నవ్వొచ్చేది” అన్నాడు పెద్దాయన.

మన కామెడీ సీరియళ్లలో చాలావాటికి ముగింపు ఉండదు, ఆగిపోవడమే ఉంటుంది. స్పాన్సర్ తప్పుకుంటాడు, టైము మారుతుంది, ఒక వారం రాదు, అంతే. పుట్టినతేదీనే ఎంచుకుని తెర దించడం ‘అమృతం’ దర్జా. దించిన తెర నిలవలేదనుకోండి. 2014లో ‘చందమామలో అమృతం’ సినిమా వచ్చింది, 2020లో ‘అమృతం ద్వితీయం’ వచ్చింది. అప్పటికి గుండు హనుమంతరావు పోయి రెండేళ్లయింది. అంజి వేషం ఎల్బీ శ్రీరామ్ వేశారు.

ఈ యూనిట్‌లో అసలు గొడవ వేరే ఉంది. రచయిత కుర్రాడు ముగింపులో పగవాళ్లిద్దరూ కౌగిలించుకుని ఏడవాలని రాశాడు. డైరెక్టర్ వద్దన్నాడు. నేను డైరెక్టర్ పక్షమే. నెలల తరబడి నవ్వించి చివర్లో ఏడిపిస్తే గొప్పతనం వస్తుందనే భ్రమ మనవాళ్లకు బాగా ఉంది. 1990లో అమెరికా కమెడియన్ బాబ్ న్యూహార్ట్ తన సిరీస్‌ను ఎలా ముగించాడో వాళ్లకు చెప్పాను. ఎనిమిదేళ్ల కథంతా ఒక కల. ఆయన నిద్రలేచేది 1978లో అయిపోయిన తన పాత సిరీస్‌లోని పడకగదిలో, పక్కన ఆ సిరీస్‌లోని భార్య. ఆ గది సెట్టును చివరిదాకా దాచారు, వేరే ముగింపేదో ఉందని బయటకు వదిలారు. ఆమె ఇటు తిరగకముందే, మంచం చూసి స్టూడియోలో జనం చప్పట్లు మొదలెట్టారు. రచయిత కుర్రాడు విని, “మనకి పాత సిరీస్ లేదు కదన్నా” అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

మధ్యాహ్నం మొదటి టేక్ బాగానే సాగింది. బండి ఆగింది, గులాల్ లేచింది, పెద్దాయన కాలు కింద పెట్టాడు. సరిగ్గా అప్పుడే సందు చివరి నుంచి పాత ఇనుప సామాన్లు కొంటాం అంటూ ఆటో మైకు. ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ ఎప్పుడో కనుక్కుని దానికి తగ్గట్టు టైము పెట్టుకున్నారు గానీ ఇనుపసామాన్ల ఆటోకు టైమెక్కడిది? ఒక చొక్కా పోయింది.

రెండో టేక్‌లో బండి ఆగగానే ఎదురింటి ఆవిడ హారతి పళ్లెంతో వచ్చేసింది. నిజం రిటైర్మెంటేననుకుంది. “ఇన్నేళ్లు బాయిల పనిచేసి క్షేమంగ బయటపడ్డవన్నా, అదే పదివేలు” అంటూ బొట్టు పెట్టింది. డైరెక్టర్ కట్ చెప్పలేదు. ఇంకో చొక్కా ఉంటే చెప్పేవాణ్నని తర్వాత ఒప్పుకున్నాడు. పగవాడి వేషం వేసిన నటుడు చెప్పాల్సిన డైలాగు మరిచిపోయి, ఏం చేయాలో తోచక, అలవాటుగా నల్లా తిప్పాడు. రాని నీళ్ల కింద దోసిలి పట్టి చూశాడు. డప్పుల వాళ్లతో సహా అందరూ నవ్వేశారు.

1982 అక్టోబరులో కార్చిచ్చు వచ్చి ‘మ్యాష్’ బయటి సెట్టును కాల్చేస్తే, వాళ్లు ఆ మంటను ఆఖరి ఎపిసోడ్ కథలోకి తెచ్చుకున్నారు. ఇక్కడ హారతిని కథలోకి తెచ్చుకోవడం తేలిగ్గానే అయిపోయింది, కౌగిలింత కాగితం రచయితే మడిచి జేబులో పెట్టుకున్నాడు.

సాయంత్రానికి మీసాలు నల్లబడ్డాయి గానీ వెలుతురు చాల్లేదు. పాత జ్ఞాపకం మర్నాటికి పోయింది. కాబట్టి తెచ్చిన గుమ్మడికాయ కూడా కొట్టలేదు. దానికంటే పెద్ద చిక్కు సౌండ్ దగ్గర తేలింది. కాలర్ మైకు పెద్దాయనకే ఉంది. హారతి ఆవిడ మాటలు డప్పుల్లో కలిసిపోయాయి. డబ్బింగ్ చెప్పమని అడగడానికి డైరెక్టర్, కంటిన్యుటీ అమ్మాయి ఎదురింటికి వెళ్తుంటే నేనూ వెంట వెళ్లాను. అంతా నాటకమని తెలిసి ఆవిడ కాసేపు రుసరుసలాడింది. తర్వాత ఆ వీడియో చూపించమంది. రెండుసార్లు చూసింది.

“చెప్త గానీ, ఈ చీరలో నేను బాలేను. రేపు పట్టుచీర కట్టుకుంటా, మళ్లీ తీయరాదు?”

“చొక్కాలు లేవక్కా” అన్నాడు డైరెక్టర్.