నల్లగొండ ఎండకు తగ్గ రంగు

టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో మా ఇంట్లో టీవీ గదికి మందపాటి కర్టెన్లు ఉంటాయి. దీపం ఆర్పితే సినిమా హాలే. నల్లగొండలో మా అన్నవాళ్లింట్లో టీవీ హాల్లో, సరిగ్గా వాకిలికి ఎదురుగా ఉంటుంది. పొద్దున తీసిన తలుపు సాయంత్రం దాకా మూయరు. వచ్చేవాళ్లు వస్తుంటారు, పోయేవాళ్లు పోతుంటారు. ఎండలు ముదిరాయంటే ఆ వాకిట్లోంచి పడే వెలుతురుకు తెర మీద బొమ్మకు బదులు మన ముఖమే మనకు కనబడుతుంది. ఒకే వీడియో ఆట ఈ రెండు గదుల్లోనూ బాగా కనబడాలంటే రెండు చోట్లకూ ఒకే రంగుల లెక్క పంపితే కుదరదు. ఎక్కడికి ఏ లెక్క పోవాలో యంత్రమే తెలుసుకుని మార్చుకోవాలి.

ఇది నాకెందుకు పట్టిందో చెబుతాను. మా అన్న కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. గచ్చిబౌలి గదిలో మంచి గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటర్ పెట్టుకున్నాడు, దానికొక హెచ్‌డీఆర్ మానిటర్, అంటే వెలుగునూ రంగులనూ మామూలు తెర కంటే పెద్ద పరిధిలో చూపించేది. శని, ఆదివారాలు నల్లగొండ వస్తాడు, అంత పెట్టెను బస్సులో మోసుకురాలేడు. మా అక్క కొడుకు నారాయణపేటలో డిగ్రీ చదువుతున్నాడు. వాడికి కంప్యూటరే లేదు, ఇంట్లో టీవీ ఉంది, ఫైబర్ కనెక్షన్ ఉంది. బావాబామ్మర్దులిద్దరూ ఇప్పుడు హైదరాబాద్‌లోని ఆ ఒక్క యంత్రం మీదే ఆడతారు. ఆట అక్కడ నడుస్తుంది, దాని బొమ్మ వీడియోగా కుదించబడి ఇక్కడి టీవీకి వస్తుంది, చేతిలో నొక్కిన బటన్ తిరిగి అక్కడికి పోతుంది. ఈ కొద్ది దూరం కాంతికి ఒక లెక్క కాదు కనుక ఆట చేతికి అందుతూనే ఉంటుంది. నేను ఫ్రిస్కో నుంచి అదే యంత్రాన్ని పట్టుకుంటే మాట వేరు. సంకేతం పోయి రావడానికి పావు సెకను దాకా పడుతుంది. సెకనుకు 60 ఫ్రేముల ఆటలో ఒక్కో ఫ్రేముకు దాదాపు 17 మిల్లీసెకన్లే కాబట్టి నేను చదరంగంలాంటి ఆటలకే పనికొస్తాను. నాకు ఆ యంత్రాన్ని సర్దిపెట్టే పని దక్కింది.

ఈ పనికి వాడే సాఫ్ట్‌వేర్‌కు చిన్న చరిత్ర ఉంది. ఎన్విడియా కంపెనీ తన కార్డులకు గేమ్‌స్ట్రీమ్ అనే ఏర్పాటు ఇచ్చేది. దాని బొమ్మను ఏ పరికరంలోనైనా అందుకునేలా అమెరికాలోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయం విద్యార్థులు ఎమ్‌హ్యాక్స్ అనే ప్రోగ్రామింగ్ పోటీలో ఒక ప్రోగ్రాం రాశారు. అదే ఇప్పటి మూన్‌లైట్. 2023లో గేమ్‌స్ట్రీమ్‌ను కంపెనీ ఎత్తేసింది. అప్పటికే పంపే వైపు పని చేయడానికి సన్‌షైన్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ తయారుగా ఉంది. పంపేది సన్‌షైన్, అందుకునేది మూన్‌లైట్. రెంటికీ పైసా ఖర్చు లేదు. ఊరి పిల్లలకు ఇది అందిందంటే ఆ విద్యార్థుల పుణ్యం, జీతం లేకుండా దాన్ని నిలబెడుతున్నవాళ్ల పుణ్యం.

బొమ్మ వచ్చింది, చప్పుడు వచ్చింది, రంగు రాలేదు. "చిన్నాయనా, అంతా వెలిసిపోయినట్టున్నది" అన్నాడు అన్న కొడుకు ఫోన్‌లో. వెనక నుంచి మా వదినె, "గోడకు సున్నం కొట్టినట్టున్నది, ఏం ఆటరా అది" అంది. ఆమె మాట అక్షరాలా నిజం. అలా ఎందుకవుతుందో తెలిస్తే మందు కూడా అక్కడే దొరుకుతుంది.

తెర వెలుగును నిట్స్‌లో కొలుస్తారు. మామూలు టీవీ రంగుల లెక్క 100 నిట్స్ వెలుగును తెలుపుగా అనుకుని తయారైంది. ఒక్కో మూలరంగుకు 256 మెట్లు. మొత్తం ఒక కోటీ 67 లక్షల రంగులు. హెచ్‌డీఆర్10 లెక్కలో మెట్లు 1024, రంగులు 107 కోట్లు. వెలుగు కొలతకు 2014లో ప్రమాణంగా వచ్చిన పీక్యూ అనే వంపు వాడతారు, అది 10,000 నిట్స్ దాకా కొలుస్తుంది. అసలు చిక్కు ఇక్కడే. పాత లెక్కలో 100 నిట్స్ అంటే స్కేలు చివర. పీక్యూ లెక్కలో అదే 100 నిట్స్ స్కేలుకు దాదాపు సగంలో పడుతుంది. కొత్త లెక్కలో పంపిన బొమ్మను పాత లెక్కలో చదివితే తెల్లగా ఉండాల్సింది బూడిద రంగులోకి దిగుతుంది, నలుపుకూ తెలుపుకూ ఉండాల్సిన దూరం తగ్గిపోతుంది. హెచ్‌డీఆర్ రంగుల పరిధి పెద్దది కాబట్టి నిండు ఎరుపుకు రాసిన అంకె పాత తెర మీద నీరుగారిన ఎరుపవుతుంది. పంపే కంప్యూటర్ తన మానిటర్‌కు హెచ్‌డీఆర్ వేసుకుని కూర్చుంది, అందుకునే టీవీకి అది తెలియదు. రెండింటి మధ్య మాట కుదరలేదంతే.

విండోస్ కంప్యూటర్‌లో విండోస్, ఆల్ట్, బి మీటలు కలిపి నొక్కితే హెచ్‌డీఆర్ ఆరిపోతుంది, మళ్లీ నొక్కితే వెలుగుతుంది. అయితే నల్లగొండలో ఉన్నవాడు హైదరాబాద్ కీబోర్డును ఎలా నొక్కుతాడు? నొక్కే దారి ఉన్నా ఆట తెరిచాక నొక్కితే లాభం తక్కువ. చాలా ఆటలు హెచ్‌డీఆర్ ఉందా లేదా అన్నది మొదలయ్యేటప్పుడే చూసుకుంటాయి. మార్పు ఆట కంటే ముందు జరగాలి, మనిషి చెయ్యి పడకుండా జరగాలి.

సన్‌షైన్‌లో అందుకు వీలుంది. ప్రతి ఆటకూ "మొదలయ్యే ముందు ఇది చెయ్యి", "ముగిశాక ఇది చెయ్యి" అని రెండు ఆదేశాలు రాసిపెట్టవచ్చు. టీవీ నుంచి పిలుపు రాగానే తెర ఎంత వెడల్పు, ఎంత ఎత్తు, సెకనుకు ఎన్ని ఫ్రేములు, హెచ్‌డీఆర్ కావాలా వద్దా అన్న సమాచారం ఆ ఆదేశానికి అందుతుంది. అడిగిన తెరను బట్టి కంప్యూటరే తన రంగుల లెక్క మార్చుకుంటుంది. 2025 నాటి కూర్పుల నుంచి ఈ పని అమరికల్లోనే ఉంది, విడిగా రాయనక్కర్లేదు. హెచ్‌డీఆర్ బొమ్మకు 10 బిట్ల వీడియో కావాలి కాబట్టి హెచ్ఈవీసీ గానీ ఏవీ1 గానీ, ఆ పద్ధతిలో కుదించిన వీడియోను విప్పగలిగే పరికరం టీవీకి ఉండాలి. బొమ్మ ఊరు దాటి రావాలి కనుక, రూటర్‌లో తలుపులు తెరిచి కంప్యూటర్‌ను వీధిలో పెట్టకుండా, ఇంటి పరికరాలన్నిటినీ బయటివాళ్లకు అందని ఒక వీపీఎన్‌లో కట్టాం.

ఇంతవరకూ పుస్తకంలో ఉన్నదే. నల్లగొండ ఎండ పుస్తకంలో లేదు.

అన్నవాళ్ల టీవీ డబ్బా మీద కూడా హెచ్‌డీఆర్ అని ఉంటుంది. టీవీ ఆ సంకేతాన్ని తీసుకుంటుంది కూడా. కానీ చవక టీవీల్లో చాలావాటి వెలుగు 250, 300 నిట్స్ దగ్గరే ఆగిపోతుంది. అన్నిటికంటే ముఖ్యం, పీక్యూ లెక్క ఖచ్చితమైన లెక్క. ఈ చుక్క ఇన్ని నిట్స్ ఉండాలి అని శాసిస్తుంది, గదిలో వెలుతురు ఎంతుందో అడగదు. చీకటి గదిలో కూర్చుని రంగులు దిద్దేవాళ్ల కోసం పుట్టిన పద్ధతి అది. పాత ఎస్‌డీఆర్ లెక్క అలా కాదు, తెర వెలుగు ఎంత పెంచితే తెలుపు అంత పెరుగుతుంది. పట్టపగలు తలుపులు బార్లా తీసిన హాల్లో పాత లెక్కే మేలు. రాత్రి ఎనిమిది దాటి, అన్నాలయ్యి, దీపం ఒక్కటి మిగిలినప్పుడు హెచ్‌డీఆర్ అందం బయటపడుతుంది. ఆట పేరును సన్‌షైన్‌లో రెండుసార్లు పెట్టాం, ఒకటి "పగలు", ఒకటి "రాత్రి". పగలు దాన్ని తెరిస్తే హైదరాబాద్‌లో హెచ్‌డీఆర్ ఆరిపోయాకే ఆట మొదలవుతుంది. రాత్రి దాన్ని తెరిస్తే టీవీ ఏమడిగితే అది. నారాయణపేటలో అక్కవాళ్ల టీవీ హెచ్‌డీఆర్ అడగనే అడగదు, దానికి ఎప్పుడూ పాత లెక్కే పోతుంది. అది తెలుసుకోవాల్సిన బాధ్యత మా మేనల్లుడికి లేదు, యంత్రానికి ఉంది.

రంగు సరిగ్గా వచ్చిందని ఎలా తేల్చుకోవాలి? ఇక్కడ నాకు రాత్రి, అక్కడ పగలు. వాళ్ల తెరను ఫోన్ కెమెరాలో చూపిస్తే కెమెరా తన సొంత రంగులు కలుపుతుంది. కంపెనీల పరీక్షా పటాలు మా ఇంట్లో ఎవరికీ అర్థం కావు. అందుకని పరీక్షకు తేలియా రుమాలు అనే నేతబట్టను పెట్టాం. చీరాల దాని పుట్టిల్లు. మా వైపు సంస్థాన్ నారాయణపూర్ మండలం పుట్టపాకలో ఆ నేత నిలిచింది, 2020లో భౌగోళిక గుర్తింపు పొందింది. నూలును నూనెలోను, ఆముదపు కాయల బూడిద నీళ్లలోను పదే పదే నానబెట్టి అద్దే ఆ బట్టకు సంప్రదాయంగా ఎరుపు, నలుపు, తెలుపు మూడే రంగులు. పుట్టపాక నేతకు గజం గోవర్ధన గారు 2011లో, గజం అంజయ్య గారు 2013లో పద్మశ్రీ అందుకున్నారు. మా ఇంట్లో ఒక రుమాలుంది. నీడపట్టున దాని ఫోటో తీసి, బట్టనూ తెరనూ పక్కపక్కన పెట్టి కుదిరే దాకా దిద్ది, హైదరాబాద్ కంప్యూటర్ తెర మీద పెట్టుకున్నాడు అన్న కొడుకు. ఆట తెరిచే ముందు ఆ బొమ్మ వస్తుంది. మా వదినె అసలు రుమాలు తెచ్చి టీవీ పక్కన పట్టుకుని చూస్తుంది. తెలుపు బూడిదైందా, ఎరుపు నీరుగారిందా, నలుపు తేలిపోయిందా, మూడూ ఒక్క చూపులో తేలుతాయి. "ఎరుపు మన ఎరుపే" అని ఆమె అన్నాక ఇంకే మీటరూ అవసరం లేదు. పుట్టినప్పటి నుంచి అద్దకాల ఎరుపుల మధ్య పెరిగిన కళ్లవి.

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త పడాల్సింది వెనక్కి రావడం దగ్గర. ఊళ్లో ఎవరూ ఆటను పద్ధతిగా ముగించరు. అన్నానికి పిలిస్తే రిమోట్‌లో హోమ్ బటన్ నొక్కి లేస్తారు. కరెంటు పోతుంది. ఎవరో స్విచ్ తీసేస్తారు. సంబంధం తెగినా మూన్‌లైట్ లెక్కలో ఆట ఇంకా నడుస్తున్నట్టే, "ముగిశాక" అని రాసిన ఆదేశానికి పిలుపు రాదు. సోమవారం పొద్దున అన్న కొడుకు గచ్చిబౌలిలో కంప్యూటర్ ముందు కూర్చుంటే తెర వేరే కొలతలో, వేరే రంగులో ఉంటుంది. ఆఫీసు పనికి కూర్చునే ముందు అమరికలన్నీ వెతుక్కోవాలి. సంబంధం తెగగానే పాత స్థితికి పొమ్మనే వీలు కూడా సన్‌షైన్‌లో ఉంది, అది తప్పకుండా పెట్టాలి. నడుస్తున్న ఆట రంగు మధ్యలో చెదిరినా సరే, ఇంటివాడి తెర ఇంటివాడికి ఎట్లున్నదో అట్లనే దక్కాలి. అరువు తీసుకున్న వస్తువు తీసుకున్నట్టే తిరిగివ్వడం మా ఇళ్లలో పెద్దలు పెట్టిన నియమం. యంత్రానికి ఆ నియమం మనం రాసి ఇవ్వాలి.

ఇది ఆటలాడే కుర్రాళ్ల ముచ్చటే అనుకోవద్దు. మిషన్ భగీరథ తాగునీటి పథకం పైలాన్‌ను 2015 జూన్‌లో మా ఉమ్మడి నల్లగొండ జిల్లా చౌటుప్పల్‌లోనే ఆవిష్కరించారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిన ఊళ్లకు కృష్ణా నీళ్లు తేవడానికి తవ్విన ఆ కందకాల వెంబడే టి-ఫైబర్ అనే ప్రభుత్వ ఇంటర్నెట్ తీగలూ పరిచారు. 2024 డిసెంబరులో టి-ఫైబర్ ప్రయోగాత్మకంగా మొదలైన ఊళ్లలో ఉమ్మడి మహబూబ్‌నగర్‌లోని మద్దూరు ఒకటి. 20 ఎంబీపీఎస్ ఇంటర్నెట్‌తో పాటు ఇంట్లో టీవీనే కంప్యూటర్‌గా వాడుకునే వీలు అందులో ఉంది. ఎక్కడో ఉన్న యంత్రం బొమ్మను టీవీకి తేవడమే కదా మా పిల్లలు ఆటకు చేస్తున్నదీ? 1080 గీతల బొమ్మకు మూన్‌లైట్ మామూలుగా తీసుకునేదీ 20 ఎంబీపీఎస్సే. రేపు ఆ టీవీ మీద ఒక అమ్మాయి జీవశాస్త్రం పాఠం చూస్తుంది, ఒక నేతగాడు నారాయణపేట చీర అంచు రంగు ఎంచుకుంటాడు. వాళ్ల తెర పాతదా కొత్తదా, గది వెలుతురులో ఉందా చీకట్లో ఉందా అని పంపే యంత్రం ముందుగా విచారించుకోవాలి. ఆ విచారణ వాళ్ల నెత్తిన వేయకూడదు.

బయటి దేశాల్లో ఉన్న మనవాళ్లకు ఒక మాట. సెలవులకు వెళ్లినప్పుడు ఇంటికి టీవీ కొనిస్తాం, స్ట్రీమింగ్ స్టిక్ తగిలిస్తాం, రాత్రి పూట నాలుగు బొమ్మలు చూసి బాగుందని వచ్చేస్తాం. ఈసారి వెళ్తే పట్టపగలు, తలుపులు తీసిపెట్టి, ఇంట్లోవాళ్లు కూర్చునే చోటే కూర్చుని చూడండి. వాళ్ల కళ్లను అడిగి రంగులు సర్దండి. మారాల్సినవి వాటంతటవే మారేలా, పని కాగానే వెనక్కి వచ్చేలా రాసిపెట్టండి. రిమోట్‌లో ఒక్క బటన్ కంటే ఎక్కువ నేర్పాల్సి వచ్చిందంటే పని ఇంకా మిగిలే ఉందని లెక్క. అది పూర్తి చేశాకే విమానం ఎక్కండి.