నలుగురి ముందు మనస్సు

నలుగురిలో నిలిచి నాలుగు మాటలు చెప్పవలసి వచ్చినప్పుడు గొంతు తడియారిపోని విద్యార్థి అరుదు. ఇంట్లో అద్దం ముందు గంగాప్రవాహంలా సాగిన ఉపన్యాసం సభావేదిక మీద మూడవ వాక్యం దగ్గరే ఆగిపోతుంది. ఈ వ్యాసం వ్రాస్తున్న మేమిద్దరం ఆ అనుభవానికి అతీతులం కాము. మాలో ఒకరు ఉర్దూ మాధ్యమంలోను, మరొకరు తెలుగు మాధ్యమంలోను చదువుకొని ఈ కళాశాలలో అడుగుపెట్టాము.

మొదటి సంవత్సరం వక్తృత్వపు పోటీలో మేము ఒక సాహసం చేశాము. ఉర్దూవారు తెలుగులో, తెలుగువారు ఉర్దూలో మాట్లాడాలని మాలో మేమే పందెం వేసుకొన్నాము. ఒకరు రెండు నిమిషాలలో వేదిక దిగివచ్చారు. మరొకరు సభకు నమస్కరించి, ఆపైన మాట రాక అలాగే నిలిచిపోయారు. సభలో నవ్వులు వినబడ్డాయి. ఆ నవ్వులలో ద్వేషం లేదని నేడు మాకు తెలుసు. కాని ఆనాడు 'ఆ భాష మనది కాదు, ఆ బల్ల మనది కాదు' అనే భావం మా ఇద్దరి మనస్సులలోను నాటుకొన్నది. కొన్ని వారాలపాటు ఎవరి బల్లకు వారు పరిమితమయ్యాము.

మమ్మల్ని గమనించిన మనస్తత్వశాస్త్ర అధ్యాపకులు ఒకనాడు పిలిచి, "ఇది పిరికితనం కాదు నాయనా, దీనికొక శాస్త్రముంది. రాబర్ట్ జాయొంట్స్ గురించి చదివి రండి" అన్నారు. పేరే సరిగా పలకలేక తికమకపడ్డాము. పోలిష్ భాషలో ఆ పేరుకు కుందేలు అని అర్థమని తెలిసి నవ్వుకొన్నాము. కాని ఆయన జీవితకథ చదివేసరికి మా నవ్వు మాయమైంది.

జాయొంట్స్ 1923లో పోలండ్ దేశంలోని లోడ్జ్ నగరంలో ఒక యూదు కుటుంబంలో ఏకైక సంతానంగా జన్మించారు. 1939లో హిట్లర్ సేనలు పోలండ్ మీద విరుచుకుపడినప్పుడు ఆ కుటుంబం వార్సా నగరానికి పారిపోయింది. వారు తలదాచుకొన్న భవనం మీద బాంబులు పడ్డాయి. తల్లిదండ్రులిద్దరూ మరణించారు. 16 ఏళ్లు నిండని ఆ బాలుడు కాళ్లు విరిగి నెలల తరబడి ఆసుపత్రిలో పడివున్నాడు. కోలుకొన్న తరువాత శత్రువుల కన్నుగప్పి నడుస్తున్న రహస్య విశ్వవిద్యాలయంలో చదువు సాగించాడు. జర్మనీలోని నిర్బంధ శ్రామిక శిబిరానికి తరలించగా అక్కడినుండి తప్పించుకొన్నాడు. మళ్లీ పట్టుబడ్డాడు, మళ్లీ తప్పించుకొన్నాడు. ఫ్రాన్సులో ప్రతిఘటనోద్యమంలో చేరాడు. యుద్ధానంతరం అమెరికా చేరి, మిచిగన్ విశ్వవిద్యాలయంలో 1955లో డాక్టరేట్ పట్టం పొంది, అక్కడే సుమారు నాలుగు దశాబ్దాలు ఆచార్యపదవి నిర్వహించారు. పరీక్ష రుసుము గడువు దాటితేనే లోకం తలక్రిందులైనట్లు భావించే మాబోటి వారికి ఈ చరిత్ర ఒక మేలుకొలుపు.

ఇక మా గొంతు తడియారిపోవడానికి ఆయన చెప్పిన కారణం వినండి. ఇతరుల సమక్షంలో మనిషి పని మెరుగుపడుతుందా, చెడుతుందా అన్న ప్రశ్నకు అప్పటికి అనేక దశాబ్దాలుగా పరస్పర విరుద్ధమైన సమాధానాలు వస్తున్నాయి. 1965లో జాయొంట్స్ ఆ చిక్కుముడిని విప్పారు. నలుగురూ చూస్తున్నప్పుడు దేహంలో ఉద్రేకం పెరుగుతుంది. ఆ ఉద్రేకం మనలో ఏ ప్రతిస్పందన ప్రబలంగా ఉన్నదో దానినే ముందుకు నెడుతుంది. బాగా అలవడిన పనిలో ప్రబలమైనది సరియైన ప్రతిస్పందనే గనుక పని రాణిస్తుంది. కొత్తగా నేర్చుకొంటున్న పనిలో ప్రబలమైనది తప్పు గనుక తప్పే ముందుకు వస్తుంది. దీనిని నిరూపించడానికి ఆయన, ఆయన సహచరులు 1969లో బొద్దింకలను ఎంచుకొన్నారు! వెలుతురు నుండి చీకటిలోకి పరుగెత్తే బొద్దింకకు తిన్నని బాట ఇచ్చి, ప్రక్కన ఇతర బొద్దింకలను ప్రేక్షకులుగా కూర్చుండబెట్టినప్పుడు అది మరింత వేగంగా పరుగెత్తింది. మలుపు తిరగవలసిన బాటలో అదే ప్రేక్షకుల ముందు ఆలస్యం చేసింది. బొద్దింకకు అభిమానం, పరువు, సిగ్గు ఉంటాయనుకోలేము గదా! మా ఓటమికి మా జాతిగాని, మా భాషగాని కారణం కాదని ఆనాడే మాకు ఊరట కలిగింది.

తరువాతి పరిశోధకులు దీనికి మరొక కోణం చేర్చారు. ప్రేక్షకులు మన అవధానాన్ని రెండుగా చీలుస్తారని, చేయవలసిన పనికి, చూస్తున్న కళ్లకు మధ్య మనస్సు ఊగిసలాడుతుందని వారి వాదం. 'అవధానం' అనగానే తెలుగువారికి అష్టావధానం గుర్తుకు రాకమానదు. అప్రస్తుత ప్రసంగి ఎంత చీకాకుపరచినా అవధాని పద్యం తప్పిపోదు. ముషాయిరాలో ఉర్దూ కవికి సభికుల 'వాహ్వా'లు మరింత ఊపునిస్తాయి. వీరిద్దరికీ సభ ఉద్దీపన అయితే మాకు ఉరిత్రాడు ఎందుకైంది? వారి వెనుక ఏళ్ల తరబడి సాధన ఉన్నది, మా వెనుక వారం రోజుల కంఠస్థం ఉన్నది. ఇది మా ఊహయే అయినా, జాయొంట్స్ సిద్ధాంతానికి దూరం కాదని నమ్ముతున్నాము.

ఆయన మరొక ఆవిష్కరణ మమ్మల్ని ఇంతకన్న ఎక్కువగా కదిలించింది. 1968లో ఆయన అర్థం లేని పదాలను, చైనా లిపిని పోలిన అక్షరాలను, ఒక విశ్వవిద్యాలయపు వార్షిక సంచికలోని ముఖచిత్రాలను విద్యార్థులకు చూపించారు. కొన్నింటిని ఒకటి రెండుసార్లు, కొన్నింటిని 25 సార్ల వరకు చూపించారు. ఎక్కువసార్లు కంటబడినవే వారికి మంచివిగా తోచాయి. 1980లో ఒక సహచరునితో కలిసి వంకరటింకర అష్టభుజాలను సెకనులో వెయ్యవ వంతు కాలం మాత్రమే చూపించారు. తరువాత ఏది చూసినదో గుర్తించమంటే సమాధానాలు 48 శాతమే సరిపోయాయి, అనగా కళ్లు మూసుకొని చెప్పినదానితో సమానం. ఏది నచ్చిందో చెప్పమంటే మాత్రం 60 శాతం చూసినదానినే ఎన్నుకొన్నారు. అవధానం పట్టుకోలేనిదానిని సైతం హృదయం గుర్తుంచుకొంటుందన్న మాట! ఆలోచన కంటె ముందే అనుభూతి కలుగగలదని ఆయన అదే సంవత్సరం ప్రకటించారు. ఆలోచనయే ముందని రిచర్డ్ లాజరస్ అనే పండితుడు వాదించారు. 1984లో ఇద్దరూ ఒకే పత్రికలో ఎదురెదురుగా వ్రాసిన వ్యాసాలు నేటికీ విద్యార్థులకు పాఠ్యాలే.

మా కళాశాల ప్రకటనల బోర్డు మీద రెండు లిపులు ప్రక్కప్రక్కనే ఉంటాయి. రెండేళ్లుగా రోజూ చూస్తున్నందువల్లనే కాబోలు, ఒకరికి అర్థం కాని ఉర్దూ వంపులు, మరొకరికి అర్థం కాని తెలుగు గుండ్రని అక్షరాలు క్రమంగా అందంగా కనబడసాగాయి. ఎవరూ మాకు నచ్చచెప్పలేదు. అది ఎప్పుడు జరిగిందో మాకే తెలియదు.

అయితే ఇక్కడ మాకొక సందేహం వచ్చి నిద్ర పట్టలేదు. చూసినంత మాత్రాన ఇష్టం పెరిగేదే అయితే, జాయొంట్స్ పుట్టిన ఊరి మాటేమిటి? యుద్ధానికి ముందు లోడ్జ్ జనాభాలో సుమారు మూడవ వంతు యూదులే. పోలిష్‌వారు, జర్మన్లు, యూదులు తరతరాలుగా ఒకే వీధులలో ఒకరి ముఖం ఒకరు చూస్తూ బ్రతికారు. ఆ పరిచయం వారిని కాపాడలేదు. దీనికి శాస్త్రం కొంతవరకే సమాధానమిస్తుంది. ముఖం మీద ముందుగానే ద్వేషపు ముద్ర పడివుంటే ఎన్నిసార్లు చూసినా ఇష్టం పెరగదని తరువాతి ప్రయోగాలు సూచించాయి. 1994లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్లిన తరువాత ఆచార్యులవారు సామూహిక హింసను, మారణహోమాలను గురించి పరిశోధించారు. తల్లిదండ్రులను పోగొట్టుకొన్న బాలుని ప్రశ్నకు వృద్ధాచార్యుడు సమాధానం వెదికినట్లు మాకు తోచింది. 2008 డిసెంబరులో, 85వ ఏట, ఆయన కన్నుమూశారు.

కనుక ప్రక్కప్రక్కన కూర్చుండడం ఆరంభం మాత్రమేనని మేము గ్రహించాము. ముఖం మీద పడిన చెడ్డ ముద్రను తుడిచే పని కళ్లు చేయవు, మనుషులే చేయాలి. మేము మళ్లీ ఒకే బల్ల మీద కూర్చున్నాము. సాయంకాలాలలో ఖాళీ తరగతి గదిలో ఒకరి భాషలో మరొకరం ఉపన్యసించాము, తప్పులు దిద్దుకొన్నాము. మొదట ఇద్దరి ముందు, తరువాత పదిమంది ముందు సాధన చేశాము.

ఈ సంవత్సరం పోటీలో మళ్లీ అదే పందెంతో వేదిక ఎక్కాము. బహుమతి రాలేదు. ఒకరికి మధ్యలో ఒక వాక్యం తప్పిపోయింది. మొదటి వరుసలో కూర్చున్న మిత్రుడు ఆ మాటను మెల్లగా అందించగా ఉపన్యాసం ముగింపుదాకా సాగింది. సభ మళ్లీ నవ్వింది. ఈసారి మేమూ నవ్వాము.

విద్యార్థి మిత్రులారా, వచ్చే యేడు ఆ వేదిక మీద మీ భాష కాని భాషలో నాలుగు మాటలు చెప్పండి. కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపమొకటే: అట్టి పోటీని ఏటా జరిపించండి.