కార్బురేటరా, ఇంజెక్షనా? నాన్న బుల్లెట్ దగ్గర నేర్చుకున్న పాఠం

ఈ వారం ఎస్సే ప్రాక్టీస్‌కి నేను పెట్టుకున్న ప్రశ్న: "కొత్త సాంకేతికత ఎప్పుడూ మెరుగైనదేనా?" మామూలుగా అయితే హరిత విప్లవంతో మొదలుపెట్టి కృత్రిమ మేధతో ముగించేవాణ్ణి. ఈసారి మా వరండాలో విప్పి పెట్టిన ఇంజన్‌తో మొదలుపెడుతున్నాను.

మాది జంషెడ్‌పూర్‌లోని కద్మా. తాతయ్య శ్రీకాకుళం జిల్లా నుంచి ఉక్కు కర్మాగారంలో పని కోసం వచ్చాడు. నాన్న రోలింగ్ మిల్లులో చేసి రిటైరయ్యారు. ఆయన 1996లో కొన్న బుల్లెట్ 350కి ఇప్పటికీ బీహార్ నంబరే. జార్ఖండ్ పుట్టింది 2000 నవంబర్ 15న కాబట్టి, బండి మా రాష్ట్రం కన్నా పెద్దది. శ్రీరామనవమికి బిష్టుపూర్ రామమందిరానికి నలుగురం దాని మీదే వెళ్లేవాళ్లం.

నేను రెండోసారి ప్రిలిమ్స్ తప్పి ఇంటికొచ్చిన నెలలో నాన్న దాని కవర్ తీశారు. "రెండేళ్లయి పడుంది. నువ్వూ ఖాళీ, నేనూ ఖాళీ. ఇంజన్ కట్టిద్దాం రా" అన్నారు. ఫలితం గురించి ఆయన అన్నది అంతే.

సాక్చిలో మిస్త్రీ విప్పి చూశాడు. సిలిండర్ గీతలు పడింది. ఆదిత్యపూర్ లేత్ షాపులో బోర్ కొట్టించి ఓవర్‌సైజ్ పిస్టన్ వేయించాం. కార్బురేటర్ పని అయిపోయింది. నిలవున్న పెట్రోలు లోపల జిగురులా గట్టిపడింది, రబ్బరు పైపులు ఉబ్బిపోయాయి. కొత్త కార్బురేటర్ అయితే మూడు వేల లోపు. "ఎలాగూ ఇంజన్ కడుతున్నారు, ఇంజెక్షన్ కిట్ పెట్టించుకోండి" అని ఇంకో దారి చెప్పాడు మిస్త్రీ. దానికి బిగింపుతో కలిపి ముప్పై వేలు. నాన్న దగ్గర ఆ డబ్బుంది. అది నా టెస్ట్ సిరీస్‌కీ, హైదరాబాద్‌లో గది అద్దెకీ పక్కన పెట్టింది.

అయినా నేను ఇంజెక్షన్ వైపే వాదించాను. పాయింట్లన్నీ నా నోట్సులోవే. కార్బురేటర్‌లో గాలి ఇరుకు దారిలో వేగం పుంజుకుంటుంది, అక్కడ పీడనం తగ్గుతుంది, ఆ లాగుడుకి జెట్ రంధ్రంలోంచి పెట్రోలు వస్తుంది. రంధ్రం సైజు మారదు. పెట్రోలు పూర్తిగా మండాలంటే ఒక పాలుకి బరువులో 14.7 పాళ్ల గాలి కావాలి. ఇథనాల్‌కి 9 పాళ్లే చాలు. 20 శాతం ఇథనాల్ కలిసిన ఇంధనానికి ఆ లెక్క సుమారు 13.5కి దిగుతుంది. పాత జెట్‌తో నడిపితే ఇంజన్‌కి ఇంధనం చాలక వేడెక్కుతుంది. ఇంజెక్షన్‌లో సైలెన్సర్ పైపులోని ఆక్సిజన్ సెన్సర్ పొగను చూసి, ఎక్కువైతే తగ్గిస్తుంది, తక్కువైతే పెంచుతుంది. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 వచ్చాక చిన్న బైకులు కూడా ఇంజెక్షన్‌కి మారింది ఇందుకే.

నాన్న అంతా విని, "ఏటన్నావు?" అన్నారు.

అప్పుడు గుర్తొచ్చింది. ముప్పై ఏళ్ల మిల్లు చప్పుడుకి ఆయన కుడి చెవి దాదాపు పోయింది, ఎడమది సగమే. కార్బురేటర్‌ని చెవితోనే ట్యూన్ చేస్తారు. ఐడ్లింగ్ స్క్రూ తిప్పుతూ ఆ 'డుగ్ డుగ్' ఎక్కడ సమంగా కుదురుతుందో వినాలి. వినలేని మనిషికి, తన తప్పు తానే వినే ఇంజన్ ఇవ్వడం న్యాయం కదా! నా వాదన ఇంకా బలపడింది.

మిస్త్రీ దగ్గరికి వెళ్లి వివరంగా అడిగాను. కిట్‌కి హై ప్రెజర్ పంపు కావాలి, దానికి ట్యాంకు కోయాలి. ఈ పాత బండి ఆల్టర్నేటర్ ఇచ్చే కరెంటు పంపుకి, కంట్రోలర్‌కి, హెడ్‌లైట్‌కి కలిపి సరిపోదు, అదీ మార్చాలి. కంట్రోలర్ చెడితే? "కొత్త బైకులకి ప్రతి షోరూములో స్కానర్ ఉంది. ఈ కిట్‌కి ఇక్కడ లేదు. కొరియర్‌లో వెనక్కి పంపి, వచ్చేదాకా బండి పక్కన పెట్టాలి" అన్నాడు. కంపెనీ నుంచి ఇంజెక్షన్‌తో వచ్చిన బండి వెనక సర్వీసు, విడిభాగాలు, శిక్షణ పొందిన మనుషులు ఉంటారు. మేము కొనబోయింది మాత్రం వాటిలో ఏదీ లేని సెన్సర్‌ని.

కార్బురేటరే కొన్నాం. ఇథనాల్‌ని తట్టుకునే పైపులు వేశాం, మెయిన్ జెట్ ఒక సైజు పెంచాం. ట్యూనింగ్ రోజు నాన్న అరచెయ్యి ట్యాంకు మీద ఆనించి స్క్రూ తిప్పారు. నేను పక్కన కూర్చుని విని, వేలితో ఎక్కువ తక్కువలు చూపించాను. పది కిలోమీటర్లు తిప్పి ప్లగ్ తీశాం. తెల్లగా ఉంటే పెట్రోలు తక్కువ, నల్లగా ఉంటే ఎక్కువ. మాది టీ రంగులో ఉంది. పొల్యూషన్ పరీక్షలో కూడా పాసైంది. 2000 మార్చి 31కి ముందు తయారైన ద్విచక్ర వాహనాలకి కార్బన్ మోనాక్సైడ్ పరిమితి 4.5 శాతం.

ఇప్పుడు ప్రశ్న దగ్గరికి వస్తాను. ఇంజెక్షన్ గొప్పదనం అది కొత్తది కావడంలో లేదు, ఫలితాన్ని చూసి సరిదిద్దుకోవడంలో ఉంది. పాలనలో దీనికి మంచి ఉదాహరణ మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌దే. 2005 నాటి ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ సామాజిక తనిఖీని గ్రామసభకి అప్పగించింది. ఆంధ్రప్రదేశ్ 2006లోనే ఆ పని మొదలుపెట్టి, 2009లో దానికోసం విడిగా ఒక సొసైటీని ఏర్పాటు చేసింది. కూలీల కుటుంబాల యువత శిక్షణ పొంది, మస్టర్ రోల్ పట్టుకుని ఇంటింటికీ తిరిగి, "ఇన్ని రోజులు పని చేశావా? ఇంత డబ్బు అందిందా?" అని అడిగి, ఆ లెక్కని ప్రజావేదికలో అందరి ముందు చదివారు. అందులో ఖరీదైన యంత్రం లేదు, వినే మనుషులున్నారు. అలాగే స్కానర్ లేని చోట పెట్టిన సెన్సర్ లాంటి పోర్టల్స్ కూడా మనం చూస్తూనే ఉన్నాం. ఫిర్యాదు నమోదవుతుంది, సరిచేసే మనిషి మాత్రం ఆ మండలంలో ఉండడు.

కాబట్టి నా జవాబు ఇది. ఒక సాంకేతికతని ఎంచుకునే ముందు రెండు ప్రశ్నలు వేయాలి: తప్పు జరిగితే దీనికి తెలుస్తుందా? తెలిశాక సరిచేసేవాళ్లు దగ్గర్లో ఉన్నారా? రెండింటికీ అవునంటే కొత్తదే మేలు. రేపు కొత్త బైక్ కొనాల్సి వస్తే నేను ఇంజెక్షనే కొంటాను. రెండోదానికి కాదంటే, పాతదాని పక్కన వినే మనిషిని కూర్చోబెట్టాలి.

టెస్ట్ సిరీస్‌కి ఫీజు కట్టేశాను. వచ్చే నెల హైదరాబాద్ వెళ్తున్నాను. నిన్న నాన్న బండి స్టార్ట్ చేసి నావైపు చూశారు. కొంచెం తక్కువుందని వేలు చూపించాను. నేను వెళ్లాక ఆ వేలు చూపించడం ఎలాగో చెల్లికి నేర్పిస్తున్నాను.