దూలం ఎక్కడుంది?

రాత్రి తొమ్మిదిన్నరకి హాల్లోంచి నీళ్లు చిందిన చప్పుడు వినిపించింది. వెళ్లి చూస్తే అక్వేరియం మీద వేలాడదీసిన నాలుగడుగుల లైటు ఒక్క తీగ మీద ఒరిగి ఉంది. రెండో కొస నీళ్లలో మునిగింది. పైన సీలింగులో రూపాయి బిళ్లంత కన్నం. కార్పెట్ మీద తెల్లటి పిండి. ఆ పిండిలో, మూడు వారాల కిందట నా చేత్తో నేను బిగించిన ప్లాస్టిక్ యాంకరు. ఆ సాయంత్రం ఏడింటికి మా ఆరేళ్ల అమ్మాయి అదే లైటు కింద స్టూలెక్కి చేపలకి మేత వేసింది.

లైటు ఆరిపోయి ఉంది. తొట్టి వెనకున్న ప్లగ్గు జీఎఫ్‌సీఐ రకం. వెళ్లిన కరెంటుకీ తిరిగొచ్చిన కరెంటుకీ మధ్య సుమారు 5 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే చాలు, అది సరఫరా ఆపేస్తుంది. అమెరికాలో వంటింట్లో, బాత్రూముల్లో దాన్ని తప్పనిసరిగా పెడతారు. హాల్లో ప్లగ్గులకి మామూలుగా ఉండదు. తొట్టి తెచ్చిన వారమే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మార్పించాను. ఆ రాత్రి మా ఇంటిని కాపాడింది ఆ ప్లగ్గే.

డాలస్ శివార్లలో మాది ఒంటి అంతస్తు ఇల్లు. నేను పుట్టి పెరిగింది కోనసీమలో, ఆ తర్వాత హైదరాబాదులో. అక్కడ సీలింగంటే శ్లాబు. కాంక్రీటు పోయకముందే ఇనప చువ్వలకి ఫ్యాను కొక్కెం కట్టేస్తారు. ఏళ్ల తరబడి ఫ్యాను తిరుగుతున్నా ఆ కొక్కెం కదలదు. సీలింగంటే బరువు మోసేది అన్న నమ్మకం నాలో అలా స్థిరపడిపోయింది. అమెరికా వచ్చి పదేళ్లయినా ఆ నమ్మకాన్ని ఒక్కసారి తరచి చూసుకోలేదు.

ఇక్కడి సీలింగు డ్రైవాల్. రెండు కాగితాల మధ్య అరంగుళం మందాన జిప్సం. విరిగిన చేతికి వేసే పిండికట్టు తయారయ్యేది కూడా ఈ జిప్సం నుంచే. పైనున్న కలపకి ఆ పలకల్ని స్క్రూలతో బిగిస్తారు. పలక తన బరువుని తాను మోసుకుంటుంది. అంతకుమించిన పని దానికి ఎవరూ అప్పజెప్పలేదు. నేను అప్పజెప్పాను.

నాది నాలుగు టీ5 ట్యూబులు, రేకు రిఫ్లెక్టరు, బ్యాలస్టులు ఉన్న లైటు. బరువు ఎనిమిది కిలోలు. రెండు యాంకర్లు కాబట్టి ఒక్కోదాని మీద పడేది నాలుగు కిలోలు. యాంకర్ల ప్యాకెట్ మీద 50 పౌండ్లు, అంటే దాదాపు 23 కిలోలు అని ఉంది. లెక్క బాగానే కుదిరిందనుకున్నాను. మర్నాడు అదే ప్యాకెట్ తిరగేసి చదివితే ఆ అంకె గోడకి సంబంధించిందని చిన్న అక్షరాల్లో కనిపించింది.

ఈ తేడా దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. గోడకి తగిలించిన బరువు కిందికి లాగుతుంది, స్క్రూ కాడ కన్నం అంచు మీద ఆనుకుని దాన్ని మోస్తుంది. సీలింగులో ఆనుకోవడానికి ఏమీ లేదు. యాంకరు ఏ దారిన లోపలికి వెళ్లిందో, బరువు దాన్ని సరిగ్గా ఆ దారినే వెనక్కి లాగుతూ ఉంటుంది, రాత్రీ పగలూ. దానికి తోడు కింద తొట్టి. నీళ్లు ఆవిరై పైకి వెళ్తాయి, చెమ్మ తగిలితే జిప్సం మెత్తబడుతుంది. అద్దం తుడిచినప్పుడల్లా నేను లైటు ఎత్తి, మళ్లీ వదిలేవాణ్ని. ఆ చిన్న కుదుపులన్నీ యాంకరు దగ్గరికే చేరాయి. రెక్కలు విచ్చుకునే టాగుల్ బోల్టులు వీటికంటే నయం. కానీ అవి పట్టుకునేదీ ఆ జిప్సం పలకనే. నీళ్ల మీద, పిల్లల తలల మీద వేలాడే దానికి అది చాలదని ఇప్పుడు నా అభిప్రాయం.

అప్పుడు అమ్మ మా దగ్గరే ఉంది. కన్నం వంక చూసి, "ఒరే నాన్నా, ఉయ్యాలబల్ల దూలానికి వేస్తాం గానీ పెంకులకి వేయం కదరా. ఈ ఇంటికి దూలం ఎక్కడుంది?" అంది. నాకు జవాబు తెలియలేదు. ముప్పై ఏళ్లకి అప్పు తీసుకుని కొన్న ఇల్లది.

శనివారం తెల్లవారుజామున, ఎండ ముదరకముందే ఆటిక్, అంటే పైకప్పుకీ సీలింగుకీ మధ్య ఉన్న అటక, ఎక్కాను. పైన పరిచిన పీచు పక్కకి జరిపితే కలప కనిపించింది. వాసాలు 24 అంగుళాలకొకటి చొప్పున, తొట్టికి సమాంతరంగా వెళ్తున్నాయి. తొట్టి సరిగ్గా రెండింటి నడుమ ఖాళీ కింద ఉంది. కాలు కలప మీదే పెట్టాలి, పలక మీద పెడితే మనిషి కిందికి వచ్చేస్తాడు. రెండు వాసాల మధ్య టూ బై ఫోర్ చెక్కలు రెండు అడ్డంగా, నిలువంచు మీద నిలబెట్టి, రెండు పక్కలా స్క్రూలతో బిగించాను. పేరుకి టూ బై ఫోర్, కొలిస్తే ఒకటిన్నర అంగుళాల మందం, మూడున్నర అంగుళాల ఎత్తు. కింది నుంచి ముందు సన్నటి కన్నం తొలిచాను, లేకపోతే చెక్క చీలుతుంది. తర్వాత కంటి కొక్కేలు ఎక్కించాను. అరంగుళం డ్రైవాల్ దాటి ఒకటిన్నర అంగుళాలకి పైగా మర కలపలో దిగింది. తీగలు కట్టకముందు రెండు కొక్కేలకీ తాడు వేసి, ఇరవై కిలోల బియ్యం బస్తా పూటంతా వేలాడదీశాను. కదల్లేదు. ఒక తీగ తెగినా లైటు నీళ్లలో పడకుండా విడిగా ఇంకో తీగ కట్టాను. కరెంటు వైరు ప్లగ్గు కంటే కిందికి వంగి మళ్లీ పైకి వెళ్లేలా వదిలాను. వైరు వెంట జారే నీటిబొట్టు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది, ప్లగ్గులోకి పోదు.

ఆటిక్ లేని ఇళ్లలో కలప జాడ పట్టడానికి చిన్న అయస్కాంతం సరిపోతుంది. డ్రైవాల్ స్క్రూలకి అతుక్కుంటూ అది వరస చూపిస్తుంది.

ఈ మాట హైదరాబాదులో, విజయవాడలో కొత్త ఫ్లాటుకి జిప్సం ఫాల్స్ సీలింగు వేయించుకుంటున్న వాళ్లకి కూడా చెప్పాలి. ఆ పలకకి శ్లాబుకి ఉండే బలం ఉండదు. ఫ్యానుకైనా, షాండిలియర్‌కైనా, పసిపాప ఉయ్యాలకైనా కొక్కెం శ్లాబు నుంచే దిగాలి. పలకలు బిగించేముందే మేస్త్రీని అడిగి అది పెట్టించుకోండి. ఎక్కడ ఏముందో టేపు పెట్టి, ఫొటో తీసి దాచుకోండి. పలకలు మూసేశాక మీకు కనిపించేది తెల్లటి రంగు ఒక్కటే.