మూడో సిలిండర్, మూసిన గ్యారేజీ

పాత పికప్ ఇంజిన్ మిస్సింగ్ కొడుతుంటే అమెరికాలో ఎవరైనా మొదట చేసే పని, స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌కు స్కానర్ తగిలించడం. 1996 మోడల్ నుంచి అక్కడ అమ్మే కార్లకూ చిన్న ట్రక్కులకూ ఈ ఏర్పాటు తప్పనిసరి. పి0303 అని కోడ్ వస్తే మూడో సిలిండర్ సరిగా మండటం లేదని అర్థం. అంతవరకు మంచి సాయమే. కానీ కంప్యూటర్ సిలిండర్ లోపలికి తొంగి చూడదు. క్రాంక్ షాఫ్ట్ తిరిగే వేగాన్ని గమనిస్తుంది. మూడో దాని వంతు వచ్చినప్పుడల్లా వేగం తగ్గుతుంటే ఆ నంబరు రాసిపెడుతుంది. కాయిల్ పోయిందో, ఇంజెక్టర్ మూసుకుపోయిందో, వాల్వు కాలిందో దానికి తెలియదు.

ఒహైయోలోని ఓ చిన్న పట్టణంలో, ఆసుపత్రి ఎమర్జెన్సీలో పనిచేసే తెలుగు డాక్టరమ్మకు ఇవేవీ కొత్త కావు. ఆమె తండ్రి విజయవాడ ఆటోనగర్‌లో లారీ మెకానిక్. ఇంజిన్ నడుస్తుండగానే ఆయన ఒక్కో సిలిండర్‌కు డీజిల్ వెళ్లే పైపు నట్టును స్పానర్‌తో కొద్దిగా వదులు చేసేవారు. ఇంజిన్ కుంగి చప్పుడు మారితే ఆ సిలిండర్ పనిచేస్తున్నట్టే. నట్టు వదిలినా చప్పుడులో తేడా రాలేదంటే పట్టుకోవలసింది దాన్నే. ఎందుకు పనిచేయడం లేదన్నది ఆ తర్వాత తేల్చుకోవలసిన సంగతి.

ఒక జనవరి సాయంత్రం అరవై దాటిన మనిషి ఒకాయన తలనొప్పి, వాంతులతో వచ్చారు. కళ్లు తిరుగుతున్నాయన్నారు. ఫ్లూ రోజులు కావడంతో వరండా నిండా అవే బాధలతో జనం. నర్సు వేలికి ఆక్సిమీటర్ పెడితే 99 చూపించింది. జ్వరం మాత్రం లేదు. డాక్టరమ్మకు అక్కడే అనుమానం తగిలింది.

"పొద్దుటి నుంచి ఏం పని చేస్తున్నారు?"

"బండి చూసుకుంటున్నాను. మూడో సిలిండర్ మిస్సింగ్."

"గ్యారేజీ తలుపు తీసే ఉందా?"

"బయట మంచు పడుతోంది. కింద ఒక అడుగు మేర ఎత్తి ఉంచాను."

ఆయన చేసిన పరీక్షలో తప్పేమీ లేదు. మూడో సిలిండర్ కాయిల్ తీసి ఐదో దానికి పెట్టి, ఐదో దాన్ని మూడుకు పెట్టారు. కోడ్ ఐదుకు మారితే కాయిల్‌దే లోపం. మారలేదు. ఆ తర్వాత ప్లగ్గులు కూడా అలాగే అటూ ఇటూ మార్చారు. అలా మార్చిన ప్రతిసారీ ఇంజిన్ స్టార్ట్ చేసి, కోడ్ మళ్లీ పడేదాకా వదిలేసి, పక్కనే నిలబడ్డారు.

పెట్రోలు ఇంజిన్ మిస్సింగ్ కొడుతున్నప్పుడు పొగ మామూలుగా ఉండదు. మండని సిలిండర్ నుంచి వాడని ఆక్సిజన్ సైలెన్సర్ వైపు వెళుతుంది. దారిలో ఉన్న ఆక్సిజన్ సెన్సర్ దాన్ని చూసి పెట్రోలు చాలడం లేదనుకుంటుంది. కంప్యూటర్ ఆ మాట నమ్మి ఆ వరసలోని సిలిండర్లన్నిటికీ పెట్రోలు పెంచుతుంది. బాగానే మండుతున్నవి కూడా ఇప్పుడు అరకొరగా మండి కార్బన్ మోనాక్సైడ్ వదులుతాయి. మామూలు రోజుల్లో దాన్ని చాలావరకు విరిచేది క్యాటలిటిక్ కన్వర్టర్. అమెరికా కార్లకు 1975 మోడల్ నుంచి వస్తున్నది. వేడెక్కేదాకా అది పనిచేయదు. పైగా మండని పెట్రోలు వచ్చి దానిలోనే మండితే లోపలి జల్లెడ కరిగిపోతుంది. మిస్సింగ్ ముదిరినప్పుడు చెక్ ఇంజిన్ లైటు మిణుకుమిణుకుమనేది ఈ ప్రమాదం గురించే.

కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఈ పట్టు సంగతి ఫ్రెంచి శాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్ 1850లలోనే కనిపెట్టాడు. వేలికి పెట్టే ఆక్సిమీటర్ మాత్రం రెండే రెండు కాంతులతో నడుస్తుంది, ఒకటి ఎరుపు, ఒకటి ఇన్‌ఫ్రారెడ్. మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్ దానికి ఆక్సిజన్ ఎక్కిన హిమోగ్లోబిన్ లాగే కనిపిస్తుంది. 99 అన్న అంకె రక్తం ఎర్రగా ఉందని చెబుతోందే తప్ప, ఆ ఎరుపు దేనివల్లో చెప్పడం లేదు. దాని కోసం రక్తం తీసి కో-ఆక్సిమీటర్‌లో చూడాలి. పొగతాగని వాళ్లలో 3 శాతం లోపు, తాగేవాళ్లలో 10 దాకా ఉండే మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్ వాటా ఆయనకు 24 వచ్చింది. ఆయన సిగరెట్ ముట్టరు.

చర్మం చెర్రీ పండులా ఎర్రబడుతుందని పుస్తకాల్లో ఉంటుంది. బతికున్న మనిషిలో అది అరుదు. దాని కోసం ఎదురుచూస్తే కేసు చేజారుతుంది.

రిపోర్టు వచ్చేలోపే ఆయనకు మాస్కుతో నూరు శాతం ఆక్సిజన్ పెట్టించి, డాక్టరమ్మ అడిగిన తర్వాతి ప్రశ్న: "ఇంట్లో ఇంకెవరున్నారు?" గ్యారేజీ ఇంటిని ఆనుకునే ఉంది. మధ్యలో ఉన్నది ఒక తలుపు. భార్య తలనొప్పిగా ఉందని మధ్యాహ్నమే పడుకున్నారట. ఫోన్ చేస్తే ఎత్తలేదు. అంబులెన్సు వెళ్లి తీసుకొచ్చింది. ఆమెకు 17 శాతం. ఇంజిన్ దగ్గరకే వెళ్లని మనిషికి! ఈ ఒక్క ప్రశ్న మరిచిపోతే ఎంత పని జరిగేదో చెప్పడానికి లెక్కలు అక్కర్లేదు.

మామూలు గాలిలో ఈ విషం సగానికి తగ్గడానికి దాదాపు ఐదు గంటలు పడుతుంది. నూరు శాతం ఆక్సిజన్‌తో గంటన్నర లోపే. పీడనం పెంచిన గదిలో ఆక్సిజన్ ఇస్తే ఇంకా త్వరగా దిగుతుంది. స్పృహ తప్పినవాళ్లను, గర్భిణులను, గుండె దెబ్బతిన్నవాళ్లను ఆ వైద్యానికి పంపే విషయం ఆలోచిస్తారు. వీరిద్దరికీ ఆ అవసరం రాలేదు.

గుంటూరులో ప్రాక్టీసు చేసే ఆమె క్లాస్‌మేట్‌కు ఇదే గ్యాసు మరో రూపంలో ఎదురవుతుంది. కిటికీ మూసిన బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్. స్నానానికి వెళ్లిన అమ్మాయి పడిపోతే ఇంట్లోవాళ్లు ఫిట్స్ అని తీసుకొస్తారు. అక్కడా ఆక్సిమీటర్ నిండుగానే చూపిస్తుంది. పడిపోయిన చోటు ఏదో అడగనిదే అసలు సంగతి బయటపడదు.

పికప్ రోగం తర్వాత తేలింది. కంప్రెషన్ చూస్తే మిగతావన్నీ 150కి అటూ ఇటూ ఉన్నాయి, మూడోది 60. చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూసినా పెరగలేదు. అంటే రింగులు బాగానే ఉన్నాయి, పోయింది వాల్వు. ఈ పరీక్షకు ఇంజిన్ నడవనక్కర్లేదు, స్టార్టర్‌తో తిప్పితే చాలు. ఇంజిన్ నడిపి చూడాల్సినవి ఏవైనా సరే, ఎంత చలైనా, బండిని బయటికి తీసి ఆరుబయటే చూడమని డిశ్చార్జ్ కాగితం మీద డాక్టరమ్మ తన చేత్తో రాసిచ్చారు.

ఇంటికి పంపినా ఇలాంటి కేసులను ఆమె వదిలిపెట్టరు. కోలుకున్నట్టే కనిపించిన వాళ్లలో కొందరికి 2 నుంచి 40 రోజుల లోపు మతిమరుపు, నడకలో తడబాటు, స్వభావంలో మార్పు వస్తాయి. అవి వచ్చిన సంగతి రోగికే తెలియకపోవచ్చు. అందుకే ఆమె ఆ నెలలో ఫోన్ చేసినప్పుడు భర్త గురించి భార్యను, భార్య గురించి భర్తను అడిగారు: చెప్పిందే మళ్లీ చెబుతున్నారా, తెలిసిన దారి తప్పుతున్నారా, ఊరికే చిరాకు పడుతున్నారా?