లోయ నుంచి లోయకు – రెండు చక్రాల మీద

బుద్ధ విగ్రహాలను కూల్చినవారు ఆడపిల్లల సైకిళ్లనూ ఆపారు. కాని ఆగనివారు కొందరున్నారు.

ఆఫ్ఘనిస్థాన్ నడిబొడ్డున, హిందూకుష్ పర్వతాల మడతలలో, సముద్రమట్టానికి సుమారు 2,500 మీటర్ల ఎత్తున బామియాన్ లోయ ఉన్నది. వేసవిలో అక్కడ గోధుమ చేలు, బంగాళదుంప మడులు, వాటి గట్ల వెంట బారులు తీరిన పాప్లర్ చెట్లు కన్నుల పండువుగా ఉంటాయి. ఉత్తరాన ఎర్రమట్టి రంగు కొండచరియ నిటారుగా లేచి నిలుస్తుంది. ఆ చరియలో వందల కొద్దీ గుహలు. వాటి నడుమ రెండు బ్రహ్మాండమైన ఖాళీ గూళ్లు. ఒక గూటిలో 55 మీటర్ల బుద్ధుడు, మరొక గూటిలో 38 మీటర్ల బుద్ధుడు సుమారు పదునాలుగు శతాబ్దాలు నిలిచి ఉన్నారు. 2001 మార్చిలో తాలిబాన్ పాలకులు ఆ రెండు విగ్రహాలను మందుగుండు పెట్టి పేల్చివేశారు.

ఈ లోయ మనకు మరీ పరాయిది కాదు. ఏడవ శతాబ్దంలో చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ భారతదేశానికి వస్తూ బామియాన్‌లో ఆగాడు. స్వర్ణకాంతితో మెరిసే మహావిగ్రహాన్ని చూసి వర్ణించాడు. అదే యాత్రికుడు ఆ తరువాత కొన్నేళ్లకు కృష్ణా తీరాన ధాన్యకటకానికి వచ్చాడు. అక్కడి అమరావతి శిల్పులు తొలిరోజులలో బుద్ధుని రూపాన్ని చెక్కలేదు. ఖాళీ సింహాసనాన్ని, పాదముద్రలను, చక్రాన్ని చెక్కారు. శూన్యాసనం వద్ద కూడా భక్తునికి లోటు కనిపించలేదన్నమాట. బామియాన్ శూన్యం అటువంటిది కాదు. అది ఒకరు పట్టుబట్టి చేసిన శూన్యం.

అటువంటి గూళ్ల ముందర, విగ్రహాలు నేలకూలిన పదేళ్ల తరువాత, తలకు గుడ్డ చుట్టుకొని, దానిపై హెల్మెట్ బిగించి, ఆడపిల్లలు సైకిళ్లు తొక్కారు. ఆ పిల్లల కథే ఇది.

మడమ నేలను విడిచిన క్షణం

1996 నుంచి 2001 వరకు సాగిన మొదటి తాలిబాన్ పాలనలో ఆడపిల్లకు బడి లేదు. స్త్రీకి ఉద్యోగం లేదు. తోడుగా మగవాడు లేనిదే వీధి లేదు. ఆ ఐదేళ్లలోను, అంతకు ముందరి యుద్ధకాలంలోను లక్షలాది కుటుంబాలు ఇరాన్‌కు, పాకిస్తాన్‌కు వలసపోయాయి. బామియాన్ ప్రాంతపు హజారాలు ఎక్కువగా షియా మతస్థులు. తాలిబాన్ చేతిలో వారు పడిన బాధలు రెట్టింపు. పరాయి దేశపు ఇరుకు సందులలో పెరిగిన ఆ పిల్లలలో కొందరు అక్కడే సైకిల్ నేర్చుకున్నారు.

2001 చివర ఆ పాలన పడిపోయింది. వలసపోయినవారు తిరిగి వచ్చారు. 2005లో బామియాన్‌కు హబీబా సరాబీ గవర్నరుగా నియమితురాలైనది. ఆఫ్ఘనిస్థాన్ చరిత్రలో ఒక రాష్ట్రానికి స్త్రీ గవర్నరు కావడం అదే ప్రథమం. దేశంలో తక్కిన చోట్ల తుపాకులు మోగుతున్నా ఈ లోయ చాలావరకు ప్రశాంతంగా ఉండేది. బామియాన్ విశ్వవిద్యాలయపు విద్యార్థినులు కొందరు సైకిళ్లు తీసుకొని బయటికి వచ్చారు. తాము తొక్కడమే గాక, చిన్నపిల్లలకు నేర్పసాగారు.

సైకిల్ నేర్చుకోవడం ఎటువంటి అనుభవమో మనకు వేరే చెప్పనక్కరలేదు. గంటకింత అని అద్దె కట్టి తెచ్చుకున్న బండి, సీటు అందక కడ్డీ కిందినుంచి కాలు దూర్చి తొక్కడం, వెనుక పట్టుకున్న అన్నయ్య ఎప్పుడో చేయి వదిలేశాడని తెలిసిన మరుక్షణం దబ్బున పడటం, చెక్కుకుపోయిన మోకాళ్లు. మన ఊళ్లలో ఆ దెబ్బలకు పసుపు రాసి మరచిపోయేవారు. బామియాన్‌లో, కాబూలులో ఆడపిల్ల సైకిల్ మీదినుంచి పడితే చూచేవారు అది దైవశిక్ష అనేవారు. పడకుండా పోతే రాయి విసిరేవారు.

ఇంతకూ ఒక సైకిల్‌ను చూచి మతమౌఢ్యం ఎందుకంత ఉలికిపడుతుంది? స్త్రీ గాడిద మీద పోతే తప్పు లేదు. బస్సులో పోతే తప్పు లేదు. గాడిదను నడిపించేవాడు ఒకడుంటాడు, బస్సుకు డ్రైవరుంటాడు. సైకిల్‌కు మాత్రం ఆమె కాళ్లే ఇంజను, ఆమె చేతులే చుక్కాని. ఎక్కడికి, ఎంత దూరం, ఏ వేగంతో అన్న మూడు నిర్ణయాలూ ఆమెవే. ఆంక్షలు పెట్టేవారు సైకిల్ విలువను మనకంటె ముందే గ్రహించారు. సౌదీ అరేబియాలో స్త్రీలు పార్కులలో సైకిల్ తొక్కడానికి 2013 దాకా అనుమతి లేదు. ఆ అనుమతికి కూడా మగతోడు షరతు జోడించారు. ఇటు మన దేశంలో, తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1990ల ఆరంభంలో అక్షరాస్యతా ఉద్యమం నడిపినవారు పలకా బలపంతో పాటు సైకిల్‌ను కూడా పాఠంలో చేర్చారు. వేలాది గ్రామీణ స్త్రీలు తొక్కడం నేర్చుకున్నారు. నీళ్లకు, పొలానికి, బడికి, సంతకు మరొకరి కోసం ఎదురుచూడటం ఆగిపోయింది. చదువు, చక్రం రెండూ చేసే పని ఒక్కటేనని ఆ జిల్లా రుజువు చేసినది.

తెల్లవారు జాము రహదారి

కాబూలులో స్త్రీల జాతీయ సైకిల్ జట్టు 2010ల ఆరంభంలో రూపుదిద్దుకున్నది. దాని శిక్షకుడు అబ్దుల్ సాదిక్ సాదికీ. నగరం నడుమ తొక్కడం ప్రమాదం. అందువల్ల ఆయన తెల్లవారకముందే సైకిళ్లను బండికెక్కించి, అమ్మాయిలను ఊరి బయటి రహదారికి తీసుకుపోయేవాడు. జనం లేచి తిరుగాడే వేళకు సాధన ముగించుకొని ఇల్లు చేరాలి. దారిలో తిట్లు, రాళ్లు మామూలే. ఆ జట్టు ధైర్యాన్ని మెచ్చి 2016లో ఇటలీ పార్లమెంటు సభ్యులు వందమందికి పైగా కలసి నోబెల్ శాంతి బహుమతికి దాని పేరు ప్రతిపాదించారు.

ఆ జట్టులోని అమ్మాయి మసోమా అలీ జాదా. హజారా కుటుంబంలో 1996లో పుట్టినది. బాల్యంలో కొంతకాలం ఇరాన్‌లో శరణార్థిగా గడిపినది. సైకిల్ తొక్కడం అక్కడే అలవడినది. కాబూలుకు తిరిగి వచ్చి జట్టులో చేరినది. ఒకనాడు రోడ్డు మీద పోతూండగా కారులో వచ్చిన ఒకడు వెనుకనుంచి ఆమెను గుద్ది, నవ్వినాడు. ఆ తరువాత కూడా ఆమె సైకిల్ మానలేదు. బెదిరింపులు భరించరానంతగా పెరిగిన తరువాత, ఫ్రాన్స్‌కు చెందిన ఒక విశ్రాంత న్యాయవాది పూనుకొని వారి కుటుంబానికి ఆశ్రయం దొరికేట్లు చేశాడు. 2017లో వారు ఫ్రాన్స్ చేరారు. ఆమె లీల్ నగరంలో సివిల్ ఇంజనీరింగు చదివినది.

2021 జూలై 28న టోక్యో ఒలింపిక్స్‌లో, శరణార్థుల జట్టు పక్షాన, ఆమె కాలంతో పోటీపడే సైకిల్ పందెంలో పాల్గొన్నది. పొడుగు చేతుల చొక్కా, కాళ్లను పూర్తిగా కప్పిన దుస్తులు, హెల్మెట్ కింద తలగుడ్డ. ఇరవై ఐదుగురిలో ఆమెది చివరి స్థానం. కాని ఆ రోజున గీత దాటినవారిలో అంత దూరం నుంచి వచ్చినవారు మరొకరు లేరు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆమె తలగుడ్డ తీసివేయలేదు. తన మతాన్ని విడిచిపెట్టలేదు. ఆమె విడిచి వచ్చినది దేవుని పేరుతో దారులు మూసే మనుషులను. మతం వేరు, మతం మీద గుత్తాధిపత్యం వేరు అని పుస్తకాలు వివరించే విషయాన్ని ఆమె సైకిల్ మీద కూర్చుని చూపించినది.

మారుపేర్లతో మొదటి పందెం

ఉత్తరాన ఫార్యాబ్ రాష్ట్రంలో మరో ఇద్దరు అక్కచెల్లెళ్లున్నారు: యుల్దుజ్ హాషిమీ, ఫరీబా హాషిమీ. ఊళ్లో సైకిల్ పందెం ఉన్నదని విన్నారు. వారికి సైకిల్ లేదు, తొక్కడమూ రాదు. పొరుగింటివారి సైకిల్ అడిగి తెచ్చుకొని నేర్చుకున్నారు. ఎవరూ గుర్తుపట్టకుండా వదులు బట్టలు, ముఖాన్ని కప్పే తలగుడ్డ, నల్లకళ్లద్దాలు ధరించి, మారుపేర్లతో పందెంలో దిగారు. మొదటి రెండు స్థానాలు వారికే దక్కాయి. ఫొటోలు బయటపడిన తరువాతనే ఇంట్లో తెలిసినది. తరువాత దారిలో రాళ్లు పడ్డాయి. మీదికి కార్లు వచ్చాయి. వారు మానలేదు, జాతీయ జట్టుకు ఎదిగారు.

2021 ఆగస్టు 15న కాబూలు మళ్లీ తాలిబాన్ వశమైనది. టోక్యో పందెం ముగిసి అప్పటికి పద్దెనిమిది రోజులే. సెప్టెంబరులో ఆడపిల్లల ఉన్నత పాఠశాలలు మూతపడ్డాయి. క్రీడాకారిణులు తమ జెర్సీలను, పతకాలను, ఫొటోలను దాచిపెట్టారు; కొందరు కాల్చివేశారు. డిసెంబరులో ఒక ఉత్తర్వు వచ్చినది: 72 కిలోమీటర్లకు మించిన ప్రయాణమైతే దగ్గరి బంధువైన మగవాడు తోడు లేని స్త్రీని వాహనంలో ఎక్కించుకోరాదు.

హాషిమీ సోదరీమణులు అప్పటికే దేశం దాటే మార్గం వెతుకుతున్నారు. వారికి చేయందించినది ఇటలీకి చెందిన అలెస్సాండ్రా కాపెల్లొత్తో. 1997లో ప్రపంచ రోడ్డు సైకిల్ పోటీ గెలిచిన వనిత ఆమె. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య కూడా కదిలినది. వారి సాయంతో క్రీడాకారిణులు, వారి బంధువులు వందమందికి పైగా ఆఫ్ఘనిస్థాన్ దాటి బయటపడ్డారు.

ద్రాక్షతోటల నడుమ

ఇక రెండవ లోయ. స్విట్జర్లాండులో రోన్ నది లెమాన్ సరస్సులో కలిసే చోటికి కొంచెం ఎగువన ఎగ్ల్ అనే చిన్న పట్టణం ఉన్నది. ద్రాక్షతోటల నడుమ ఒక పాతకాలపు కోట. వాలు మీద రాతిగట్లు కట్టి పెంచిన తీగలు. వాటి వెనుక మంచు తలపాగాలు చుట్టుకున్న ఆల్ప్స్ శిఖరాలు. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ప్రధాన కార్యాలయం, 200 మీటర్ల లోపలి ట్రాకుతో ప్రపంచ సైక్లింగ్ కేంద్రం ఇక్కడే ఉన్నాయి.

2022 అక్టోబరు 23న ఈ ఊళ్లో ఆఫ్ఘనిస్థాన్ స్త్రీల జాతీయ రోడ్డు సైకిల్ పోటీ జరిగినది. ఒక దేశపు జాతీయ పోటీ మరొక దేశంలో జరగడం వింత. తన గడ్డ మీద తొక్కే వీలు లేని క్రీడాకారిణులకు వేరే దారి లేదు. స్విట్జర్లాండు, ఇటలీ, ఫ్రాన్స్, జర్మనీ, కెనడా, సింగపూర్‌లలో చెదిరిపోయిన అమ్మాయిలు సుమారు యాభైమంది ఎగ్ల్ చేరారు. కొందరు నిపుణులు, కొందరు మళ్లీ సైకిల్ ఎక్కి కొద్ది నెలలే అయినవారు. పందెం దూరం 57 కిలోమీటర్లు. ఫరీబా మొదట వచ్చినది; యుల్దుజ్ రెండవది. అక్కచెల్లెళ్లకు ఈసారి మారుపేర్లు అవసరం లేకపోయినవి.

సైకిల్ పందెం బయటి నుంచి చూచేవారికి ఒంటరి పోరాటంలా కనిపిస్తుంది. నిజానికి అది గుంపు బతుకు. ముందున్నవారు గాలిని చీల్చుకుంటూ పోతే వెనుకనున్నవారికి శ్రమ ఎంతో తగ్గుతుంది. అలసినవారు వెనక్కి జరుగుతారు. ఊపిరి తీసుకున్నవారు ముందుకు వస్తారు. గాలిభారం వంతులవారీగా మోస్తేనే గుంపు ముందుకు సాగుతుంది. ఇల్లు, ఊరు, భాష, బంధువులు వదలి వచ్చిన పిల్లకు కొత్త దేశంలో అన్నిటికంటె కరవైనది ఈ పొత్తే. శరణార్థికి కాగితాలు ప్రభుత్వం ఇవ్వగలదు. గదిని దాతలు ఇవ్వగలరు. తన పక్కన, తన వేగంతో, తన భాషలో పలకరిస్తూ తొక్కే మనిషిని మాత్రం మరొక సైకిలే ఇవ్వగలదు.

2024 ఆగస్టు 4న పారిస్ ఒలింపిక్స్ రోడ్డు పందెంలో యుల్దుజ్, ఫరీబా ఆఫ్ఘనిస్థాన్ పక్షాన పాల్గొన్నారు. ఆ జట్టు ముగ్గురు స్త్రీలు, ముగ్గురు పురుషులు. తాలిబాన్ ప్రతినిధి తమ దేశం పక్షాన వెళ్లినది ముగ్గురేనని ప్రకటించాడు. స్త్రీలను లెక్కలో వేయలేదు. ఆ రోజు పందెం దూరం 158 కిలోమీటర్లు. వారి దేశంలో తోడు లేని స్త్రీకి గీసిన హద్దుకు రెట్టింపు కంటె ఎక్కువ. మసోమా కూడా పారిస్‌లో ఉన్నది. ఈసారి పోటీదారుగా కాదు, శరణార్థుల ఒలింపిక్ జట్టుకు నాయకురాలిగా.

తక్కినవారి మాట

ఈ కథను ఇక్కడితో సుఖాంతం చేయడం సులభం, కాని న్యాయం కాదు. బామియాన్‌కు పడమట, రెండు మూడు గంటల ప్రయాణంలో బంద్-ఎ-అమీర్ ఉన్నది. ఎడారివంటి కొండల నడుమ నీలిరంగు సరస్సులు ఆరు, నీరు తానే పేర్చుకున్న సున్నపురాతి ఆనకట్టల మీదుగా మెట్లు మెట్లుగా దిగుతాయి. 2009లో అది ఆ దేశపు తొలి జాతీయోద్యానవనమైనది. 2023 ఆగస్టులో స్త్రీలు అక్కడికి రాకూడదని తాలిబాన్ మంత్రి ఆదేశించాడు. ఒక సరస్సును కళ్లతో చూడటం కూడా నేరమైపోయినది. విమానం ఎక్కగలిగినవారు కొద్దిమంది. లోయలో మిగిలిపోయినవారు లక్షలు. ఎగ్ల్‌లో గెలిచినవారి విజయం వారి తలుపులు తెరవదు.

అయినా ఒక తేడా ఉన్నది. సైకిల్ తొక్కడం ఒకసారి వస్తే శరీరం దాన్ని మరచిపోదు. ఇరవై ఏళ్ల తరువాత ఎక్కినా కాళ్లకు జ్ఞాపకం వస్తుంది. విగ్రహాన్ని కూల్చవచ్చు, బడికి తాళం వేయవచ్చు, సైకిల్‌ను కొట్టంలో గోనెపట్టా కప్పి మూలన పడవేయించవచ్చు. నేర్చుకున్న తూకాన్ని మనిషిలోనుంచి తీసివేసే ఉత్తర్వు ఇంతవరకు ఎవరూ రాయలేకపోయారు. బామియాన్‌లో సైకిల్ నేర్చిన అమ్మాయిలు నేడు కొందరు తల్లులు. వారి ఇళ్లలో కూతుళ్లు పెరుగుతున్నారు. వెనుక పట్టుకొని ఎప్పుడు చేయి వదలాలో ఆ తల్లులకు తెలుసు.